సిపాయి గుంట

పీకిపారేసిన సరుగుడు మొక్కలను ఆ ఇంటి పెద్దకొడుకు సమాధానం గంపతో మోసుకొచ్చి వసారాలో కుమ్మరించాడు. తడి ఇసుక గచ్చంతా చిందింది. నిన్న పొద్దున పడమటి చెక్కలో, తమ్ముడి వాటా పొలంలో, నాటిన మొదటి వరసల మొక్కలవి. వేళ్ళు ఇంకా వాడలేదు.

“చూసుకో అమ్మా,” అన్నాడు తమ్ముడి భార్యతో. “ఒక్కటన్నా మిగిలిందేమో బాగా చూసుకో. నీ నోటిమాట పొల్లుపోలేదు.”

నవోమి మొక్కల వంక చూడలేదు. గుమ్మానికి ఆనుకుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“నేను పీకలేదు బావా.”

“మరి వాటికే కాళ్ళొచ్చి గట్టెక్కినాయా?”

“నాకు తెలీదు.”

బల్ల మీద కూర్చున్న క్రీస్తురాజు పెద్దయ్య తడిసిన గొడుగును మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. సంఘంలో ఎవరింట తగువొచ్చినా ఆయనకే కబురు పోతుంది. తీర్పు చెప్పడం ఆయనకు ఇష్టం. తగువు వినడం అంతకంటే ఇష్టం.

“సాక్షి ఉండాడంటివే,” అన్నాడు.

“ఉండాడు. చెప్పు బాషా.”

ఖాదర్ బాషా సగం చూరు కింద, సగం వానలో నిలబడి ఉన్నాడు. కావలి నుంచి సరుగుడు నారు బండి మీద తెచ్చి ఈ ఇసుకనేలల రైతులకు ఇచ్చే మనిషి. మిగిలిన నారుకట్టలు ఇంకా బండి మీదే, తడి గోనెపట్టాల కింద ఉన్నాయి.

“నేను నారు తెచ్చినోణ్ణి పెద్దయ్యా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“దురద సంగతి మేం చూసుకుంటాం. విన్నది చెప్పు.”

“నిన్న మధ్యాన్నం ఈ బల్ల మీదే మజ్జిగ తాగతా కూర్చోనుండా. లోపల్నించి ఈ చెల్లెమ్మ గొంతు వినపడింది. ‘చూస్తా ఉండు, తెల్లారేలోపల పడమటి చెక్కలో ఒక్క మొక్క మిగిలితే నా పేరు నవోమి కాదు’ అనింది. అంతే. ఆ మజ్జిగ తాగకుండా పోయుంటే బాగుండు.”

“ఎవరితో అనింది?”

“అది నేను చూడలేదు. లోపలి మాట.”

లోపల రెబెక్కమ్మ చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సమాధానం భార్య. నవోమికి తోడికోడలు. ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి ఆమే పెద్ద. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఇద్దరే కాబట్టి ఆ మాట ఎవరితో అన్నదో అడగనక్కర్లేదు. అయినా పెద్దయ్య అడిగాడు.

“రెబెక్కమ్మా, నీతోనేనా?”

రెబెక్కమ్మ ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. చేట మళ్ళీ కదిలింది.

నవోమి అక్క ముఖంలోకి చూసింది. ఒక్క మాట చాలు. ‘ఆట’ అని రెండక్షరాలు చాలు. ఏడాదికి పైగా, మధ్యాహ్నం గిన్నెలు బోర్లించినప్పటి నుంచి పొయ్యి రాజేసేదాకా, ఇద్దరి మధ్యా ఉన్నది ఆ రెండక్షరాలే. ఇవాళ అక్క పెదవులు కుట్టేసినట్టు బిగించుకుంది. మొక్కలు పీకిన నింద కంటే ఆ మౌనమే నవోమిని ఎక్కువగా కోసింది.

“ఆటలో అన్న మాట పెద్దయ్యా,” అంది చివరికి తానే.

“ఏం ఆట?”

“ఆయన చేసిచ్చి పోయిన ఆట.”

ఆయన అంటే హెబ్రోను. ఆ పేరు ఆమె పలకదు. పలక్కపోయినా ఆ ఇంట్లో ఎవరికీ వేరే ‘ఆయన’ తట్టడు. పట్టాళంలో చేరి సరిహద్దుకు పోయినవాడు. లడాయి ఆగిపోయి ఏడాది దాటింది. బిట్రగుంట నుంచి అదే దండులో పోయిన ఇద్దరూ తిరిగొచ్చారు. ఒకతను పెళ్ళి కూడా చేసుకున్నాడు. హెబ్రోను రాలేదు. పోయాడని తంతీ రాలేదు. ఆసుపత్రిలో చూశామని ఒకరు, చూడలేదని ఇంకొకరు.

“ఆటా పాటా తర్వాత,” అన్నాడు సమాధానం. “ముందు నా మాటకు జవాబు చెప్పించండి. పడమటి చెక్క మా తమ్ముడిదే, నేను కాదనలేదు. శనక్కాయలు వేస్తానంటే వద్దనింది. రాగులు చల్తానంటే వద్దనింది. ఏండ్ల తరబడి బీడు పెడితే దాంట్లో నక్కలు తప్ప ఏం పండతాయి? సరుగుడైతే నీళ్ళు అడగదు, ఎరువు అడగదు. దాని మానాన అది పెరగతాది.”

“ఎన్నేండ్లు పెరగతాది బావా?”

“నాలుగైదేండ్లు.”

“అంటే నాలుగైదేండ్లదాకా ఆయన రాడనే గదా నాటేది?”

చూరు నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టయింది. బాషా తన చెప్పుల వంక చూసుకున్నాడు.

“శనక్కాయలైనా సరే, వచ్చి నేనే దున్నుతానన్నాడు,” అంది నవోమి నెమ్మదిగా. “ఆయన చేత్తో పండిన నేల అది. ఆయన లేకుండా పండితే, ఆయన అక్కర్లేదని నేలకు తెలిసిపోదా?”

“నేలకు చెవులుండవు తల్లీ.”

“మీ ఇంటి గోడలకు ఉండాయి గదా బావా. మజ్జిగ తాగేవాళ్ళకు కూడా.”

బాషా దగ్గాడు. పెద్దయ్య గొడుగు చాటున నవ్వు దాచుకున్నాడు.

“ఆ ఆటేందో తే అమ్మా,” అన్నాడు. “చూడకుండా తీర్పు చెప్పడం పాపం.”

*

నవోమి ఆట పలక తెచ్చింది. మూరెడు పొడవున్న చింతచెక్క. అంచుల వెంట అటు ఏడు, ఇటు ఏడు గుంటలు, అచ్చం వామనగుంటల పీటలాగే. అయితే రెండు వరసల మధ్యలో గళ్ళు గీసిన బాట ఒకటి. రెండు కొనల్లో రెండు పెద్ద గుంటలు.

“ఇవి చేలు,” అంది నవోమి చిన్న గుంటలు చూపించి. “ఈ రెండు కొనల్లో ఉండేవి గాదెలు. మధ్యలోది దండుబాట. చింతగింజలు విత్తనాలు, గచ్చకాయలు సిపాయిలు. ఆరు గవ్వలేసి, పడినన్ని గళ్ళు సిపాయినైనా నడిపించొచ్చు, లేకుంటే చేలో విత్తుకోనైనా విత్తుకోవచ్చు. రెండూ ఒకేసారి కుదరదు.”

“అంటే?”

“లడాయికి పోతే చేను ఎండతాది. చేను చూసుకుంటా కూర్చుంటే అవతలోడు గాదె దోస్తాడు.”

“ఓరి దేవుడా,” అన్నాడు పెద్దయ్య ముందుకు వంగుతూ. “గవ్వలన్నీ వెల్లకిలా పడితే?”

“వాన. లడాయి ఆపేయాల. సిపాయిలంతా యాడుండేవాళ్ళు ఆడనే పక్కనున్న చేలో దిగి నాట్లేయాల. శత్రువు చేనైనా సరే.”

“శత్రువు చేలోనా?”

“వానకు ఎవరి చేనైనా ఒకటే అంటాడాయన.”

“ఈ సంగతి ఢిల్లీవాళ్ళకు చెప్పేవాళ్ళు లేకపోయినారే. అన్నీ బోర్లా పడితే?”

“దొర వచ్చినాడని. ఆడేవాళ్ళు లేచి సలాం కొట్టాల. లేవకపోతే ఒక ఎత్తు పోతాది.”

నవోమి ఒక బొగ్గుముక్క తీసి చూపించింది. “ఇది దిష్టిబొమ్మ. గాదె ముందు పెట్టుకుంటే అవతలి సిపాయి దీన్ని మనిషనే అనుకోవాల, దాటి రాకూడదు. కానీ పెట్టినోళ్ళు నవ్వకూడదు. నవ్వితే బొమ్మ అని తెలిసిపోతాది, తీసెయ్యాల.”

హెబ్రోను బొమ్మ ఏనాడూ ఒక ఎత్తు దాటి నిలవలేదు. పెట్టీ పెట్టకముందే పెదవి వణికేది. ముక్కుపుటాలు ఎగిరేవి. తల పక్కకు తిప్పుకుని భుజాలతో నవ్వేవాడు. నవోమి బొమ్మకు ఈ ఏడాదిలో చావే లేదు. ‘నీ బొమ్మ ఎందుకు కూలతాదిలే, నీ మొహాన నవ్వనేది ఉంటే గదా’ అనేది రెబెక్కమ్మ.

“ఇందులో మొక్కలు పీకే మాట ఎందుకొచ్చింది?”

“నా వేపున్న ఈ చివరి గుంటను పడమటి చెక్క అంటాం. అక్క వేపు చివరిదీ అంతే. ఆమె చేను దోస్తానని బెదిరించినా. ఆటలో బెదిరించకపోతే ఏం బాగుంటాది?”

పెద్దయ్య వేలు ఒక గుంట దగ్గర ఆగింది. మిగతావన్నీ గింజల రాపిడికి, వేళ్ళ జిడ్డుకు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నవోమి వైపున్న మూడోది మాత్రం నిన్న చెక్కినట్టు తెల్లగా ఉంది.

“ఇదేందమ్మా, కొత్తగా చెక్కినారా?”

నవోమి జవాబు చెప్పేలోగా సమాధానం అన్నాడు.

“అది సిపాయి గుంట.”

అందరూ అతని వైపు తిరిగారు. అతను గోడ వైపు చూస్తున్నాడు.

“సిపాయి ఏ గుంటలోంచి లేచి బాటెక్కినాడో అది వాడి గుంట. ఖాళీగా పెట్టాల. విత్తేటప్పుడు దాన్ని దాటేసి పోవాల. చేతిలో ఆఖరు గింజ సరిగ్గా ఆడికొస్తేనే అందులో వేయొచ్చు. వేస్తే ఇక వాడికి ఇల్లు లేదు. బాట మీద నుంచి తీసి పక్కన పారేస్తారు.”

“మీకెట్టా తెలుసు బావా?” అంది నవోమి. “ఇది ఆయన పట్టాళానికి పోయేముందు చేసినాడు గదా.”

“పలక వాడు చేసినాడు. ఆట మాది. శనక్కాయల చేను కావలికి పోయినప్పుడు ఇసుకలో గుంటలు తీసి ఆడేవాళ్ళం. నక్కలొచ్చి మెక్కిపోయినా తెలిసేది కాదు. మా నాయన చేత ఇద్దరం ఒకే బెత్తంతో తిన్నాం.” అప్పుడు పలక వైపు తిరిగాడు. “వానొస్తే లడాయి ఆపాలనేది వాడి రూలు. దొర రూలు నాది.”

ఈ మాట ఇన్నాళ్ళూ అతను చెప్పలేదు. మధ్యాహ్నాలు తోడికోడళ్ళు ఆడుకుంటుంటే వసారాలో పడుకుని, కళ్ళ మీద తువ్వాలు వేసుకునేవాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నారు ఇద్దరూ.

సమాధానం పలక ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“రా అమ్మా. మాటలతో తెగేది కాదిది. నువ్వు గెలిస్తే పడమటి చెక్క గట్టు కూడా తొక్కను. నేను గెలిస్తే మిగిలిన నారు రేపు నాటతా. నువ్వు నోరెత్తకూడదు.”

“నేల పందెమా?” అన్నాడు పెద్దయ్య ఉలిక్కిపడి. “అది జూదం కాదూ?”

“పంచుకునేకాడ చీట్లు వేయడం దేవుడి వాక్యంలో ఉందని మీరే గదా ప్రసంగం చేసినారు.”

పెద్దయ్య ఇబ్బందిగా బాషా వంక చూశాడు. బాషా చేతులెత్తాడు. “నన్ను అడక్కండి సామీ. నేను గవ్వలు ముట్టుకుంటే మా ఇంటిది హజరాబీ కర్ర తీసుకుంటాది.”

“చీట్లు ఉన్న మాట నిజమే,” అన్నాడు పెద్దయ్య గొణుగుతూ. బల్ల మీంచి దిగి, పలక బాగా కనపడేచోట కూర్చున్నాడు.

నవోమి లోపలికి చూసింది. రెబెక్కమ్మ చేట ఆపేసింది. తల అడ్డంగా, కనపడీ కనపడనట్టు ఊపింది. ఆడొద్దు అన్నట్టు.

నవోమి కూర్చుంది.

*

మొదట్లో సమాధానం తడబడ్డాడు. ఇసుక గుంటల అలవాటు, చెక్క గుంటల్లోంచి గింజలు జారిపోయేవి. నాలుగు ఎత్తులు తిరిగేసరికి చేతికి పాత తెలివి వచ్చింది. గచ్చకాయ సిపాయి ఒకడు బాటెక్కి, నవోమి గాదె దాకా వచ్చి, బొగ్గుముక్క ముందు ఆగాడు.

“ఎవరక్కడ?” అన్నాడు సమాధానం బొమ్మతో, ఆట మర్యాద ప్రకారం.

“మా మామ,” అంది నవోమి ముఖం కదలకుండా. “కత్తి నూరుకుంటా ఉండాడు.”

“పలకడేం?”

“చెవుడు.”

బాషా పకాలున నవ్వాడు. సమాధానం మీసం కింద ఏదో కదిలింది. నవోమి ముఖం మాత్రం నీళ్ళు లేని బావిలా అట్లాగే ఉంది. బొమ్మ నిలిచింది.

ఒకసారి గవ్వలన్నీ బోర్లా పడ్డాయి. బావా మరదలూ లేచి గంభీరంగా సలాం కొట్టారు. పెద్దయ్య కూడా లేచాడు. “మీరెందుకు లేస్తారు?” అన్నాడు బాషా. “దొరొస్తే లేవడం నాకలవాటు,” అని కూర్చున్నాడాయన.

కాసేపటికి పెద్దయ్యకు తాను తీర్పు చెప్పడానికి వచ్చిన సంగతే గుర్తులేదు. సమాధానం ఎత్తుకు సమాధానం వైపు, నవోమి ఎత్తుకు నవోమి వైపు వాదించాడు. బాషా అయితే వాన వదిలేసి పూర్తిగా వసారాలోకి వచ్చి, గొంతుకూర్చున్నాడు.

నవోమి చేలు పలచబడ్డాయి. ఎప్పుడూ అంతే. ఆమె విత్తుతూ పోతుంటే చేయి మూడో గుంట మీదుగా ఎగిరి నాలుగోదాంట్లో దిగుతుంది. ఆమె సిపాయి బాట మధ్యలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ముందుకు నడిపించదు, వెనక్కి పిలిచేంత గవ్వలు పడవు.

అప్పుడు వచ్చింది ఆ ఎత్తు.

ఆరో గుంటలో గింజలు గుప్పిట్లోకి తీసుకోగానే ఆమె వేళ్ళకే తెలిసింది. ఒక చుట్టు తిరిగి, ఆఖరు గింజ సరిగ్గా మూడో గుంటకు వస్తుంది. ఖాళీ గుంటలో ఆఖరు గింజ పడితే ఎదుటి గుంట దక్కుతుంది కాబట్టి, అందులో వేస్తే ఎదురుగా ఉన్న సమాధానం గుంట నిండా ఉన్న పంటంతా ఆమెదే. దాంతో ఆట ఆమెదే. పడమటి చెక్క నిలిచిపోతుంది.

పెద్దయ్య కూడా చూశాడు. “అమ్మాయ్,” అన్నాడు ఊపిరి బిగబట్టి.

నవోమి విత్తుకుంటూ పోయింది. ఒక్కో గింజ టక్ టక్‌మని పడింది. చివరికి చేతిలో ఒక్కటే మిగిలింది. కింద తెల్లటి గుంట.

నేలను దక్కించుకోవాలంటే ఈ గింజ అందులో వేయాలి. ఆట కోసమే కదా. చింతగింజ కదా. ఏం పోయింది?

పోయే రోజు పొద్దున హెబ్రోను ఇనప్పెట్టె తాడుతో కట్టుకుని, రైలుకు పొద్దుపోతున్నా, ఒక్క ఆట ఆడిపోతానని కూర్చున్నాడు. ఇవాళ ఆమె ఆడుతున్న వైపే కూర్చుని, తన సిపాయిని మూడో గుంటలోంచి తీసి బాట మీద పెట్టాడు. దిష్టిబొమ్మ పెట్టి, ఎప్పటిలాగే నవ్వేశాడు. ఆట సగంలో బండివాడు కేకేశాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, “గుంట జాగ్రత్త” అన్నాడు. ఇంకేదైనా చెప్పి ఉంటే, ఆమె దానికి వేరే అర్థాలు వెతుక్కునేది. అంతే చెప్పాడు.

నవోమి చేయి మూడో గుంట దాటింది. గింజ నాలుగోదాంట్లో పడింది.

“మతి ఉందా తల్లీ నీకు?” అన్నాడు పెద్దయ్య. “చేతికొచ్చిన పంట.”

“అక్కడ వేస్తే ఆయన...” అని ఆగిపోయింది.

లోపల చేట కింద పెట్టిన చప్పుడైంది.

సమాధానం పలక మీదికి వంగాడు. అతని ఎత్తు తేటగానే ఉంది. బాషాకు కూడా కనపడింది. సమాధానం తన రెండో గుంట ఊడ్చి విత్తితే, ఆఖరు గింజ నవోమి మూడో గుంటకే వస్తుంది. శత్రువు వేసినా అదే శిక్ష. సిపాయి పోతాడు, బాట ఖాళీ అవుతుంది, గాదె పోతుంది. రేపు పడమటి చెక్కలో సరుగుడు లేస్తుంది.

అతను గింజలు తీసుకున్నాడు. విత్తాడు. టక్, టక్. తన వరస అయిపోయింది. నవోమి వరసలోకి వచ్చాడు. మొదటిది. రెండోది.

చేతిలో ఒక్క గింజ.

చేయి తెల్లటి గుంట మీద ఆగింది. బొటనవేలు గింజను ఒకసారి తిప్పింది. మళ్ళీ తిప్పింది. నవోమి తల వంచుకుంది. పడే చప్పుడు కోసం వేచింది.

చప్పుడు రాలేదు.

“రెబెక్కా, నీళ్ళియ్యి,” అన్నాడు సమాధానం.

రెబెక్కమ్మ లేవలేదు. అతను ఆగనూ లేదు. గింజను గుప్పిట్లో బిగించి, లేచి, తువ్వాలు కూడా తీసుకోకుండా వానలోకి దిగాడు. పడమటి చెక్క వైపే నడిచాడు.

“ఆట ఎవరిది ఇప్పుడు?” అన్నాడు పెద్దయ్య.

“గింజ పడలేదు గదా సామీ. ఎవరిదీ కాదు.”

“పట్టుకుపోతే ఎట్టా? గింజ పట్టుకుపోయే రూలు ఉందా ఇందులో?”

“ఉంటే గింజ పట్టుకుపోయినాయనే చెప్పాల. సగం రూల్సు ఆయనవే గదా.”

ఇద్దరూ వాదించుకుంటూనే వాకిటి పందిట్లోకి వెళ్ళారు, మనిషి ఎటు పోయాడో చూడడానికి.

*

రెబెక్కమ్మ వచ్చి మొగుడు కూర్చున్న చోటే కూర్చుంది. పొగరాని పొయ్యిలా ఉంది వసారా.

“ఎందుకక్కా ఊరుకున్నావు?” అంది నవోమి. “ప్రార్థన కూటంలో చిన్నతనమని ఊరుకున్నావా? గవ్వలు తాకినందుకు నిన్ను వెలేస్తారా?”

“ఆ పేరుంటే ఎంత, పోతే ఎంత.”

“మరి?”

రెబెక్కమ్మ గచ్చు మీద పడున్న మొక్క ఒకటి తీసి వేళ్ళకంటిన ఇసుక దులిపింది.

“నువ్వు పీకలేదని నాకు తెలుసమ్మే.”

“తెలిసీ...”

“కోడి కూయకముందే ఆయన లేచిపోయినాడు. ఏ కాలవకో అనుకున్నా. వచ్చినాక బావికాడ చప్పుడు చేయకుండా కాళ్ళు కడుక్కుంటా ఉంటే కిటికీలోంచి చూసినా. మోకాళ్ళ దాకా ఇసుక. పంచె కొంగు నిండా ఆకు. చేతులు కడిగినాడు, కడిగినాడు, ఎంతకీ ఆపడు. బకెట్లో మొహం పెట్టుకుని ఆడనే కూర్చున్నాడు.”

నవోమికి అర్థం కావడానికి కాస్త పట్టింది.

“బావేనా?”

“తమ్ముడి చేలో చెట్టు నిలబడటం మనసొప్పలేదేమో, తాను నాటినవి తానే పీకినాడు. పీకి, ఏం చెప్పాలో తెలీక, బాషా విన్న మాట దొరికితే దాన్ని నీ నెత్తిన పెట్టినాడు. నేను అడగలేదు. అడిగితే అబద్ధమాడాల్సొస్తాది గదా ఆయనకు. ఇన్నేండ్లలో నాతో ఒక్క అబద్ధమాడలేదు.”

నవోమి గంప వంక చూసింది. గచ్చు మీద చెల్లాచెదురైన మొక్కల వంక చూసింది. పెద్దమనిషి, ఊళ్ళో నలుగురికి బుద్ధి చెప్పేవాడు, చీకట్లో మోకాళ్ళ మీద పాక్కుంటూ తన మొక్కలు తానే పీక్కుంటూ... ఆ తర్వాత గంపకెత్తుకుని వచ్చి, ‘కాళ్ళొచ్చి గట్టెక్కినాయా’ అని అడుగుతూ...

ముందు పెదవి వణికింది. ఆపుకోబోయింది. ముక్కుపుటాలు ఎగిరాయి. తల పక్కకు తిప్పుకుంది, భుజాలు కదిలాయి. అచ్చం అతనిలాగే నవ్వుతున్నానని తెలిసేసరికి, ఆ నవ్వు మధ్యలోనే కళ్ళ నుంచి ధారగా కారిపోయింది. అయినా నవ్వు ఆగలేదు.

రెబెక్కమ్మ ఆమె వంక రెప్ప వేయకుండా చూసింది. ఏడాది తర్వాత వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది. తర్వాత వేలితో పలక చూపించింది.

“నవ్వినావు,” అంది. “బొమ్మ తియ్యి.”

“అక్కా.”

“రూలు రూలే. ఆయనుంటే తీయించడా?”

నవోమి కొంగుతో ముఖం తుడుచుకుని, గాదె ముందున్న బొగ్గుముక్క తీసేసింది. ఇప్పుడు సమాధానం సిపాయికీ ఆమె గాదెకూ మధ్య ఏమీ లేదు.

మెట్ల మీద తడి అడుగుల చప్పుడైంది. సమాధానం చొక్కా ఒంటికి అంటుకుపోయింది. వెనకాలే పెద్దయ్య గొడుగు అతని మీద పట్టాలని చూస్తూ, తానే తడుస్తూ వచ్చాడు. బాషా ఆ వెనక.

సమాధానం కుడిచేయి ఇంకా మూసే ఉంది.

“ఎవరూ ముట్టుకోలేదు గదా?” అన్నాడు పలక చూస్తూ.

“ఒక్కటే బావా,” అంది నవోమి. “నేను నవ్వినా.”

గాదె ముందు ఖాళీ అయిన గడిని చూశాడతను. అక్కణ్ణుంచి ఆమె ఎర్రబడిన కళ్ళను, తన భార్య ఒడిలో ఉన్న మొక్కను చూశాడు. వేళ్ళకు ఇసుక దులిపి ఉన్న ఆ మొక్క మీద చూపు నిలిచిపోయింది. రెబెక్కమ్మ తల దించుకుంది. పీకిందెవరో ఇద్దరికీ తెలుసని అతనికి తెలిసిపోయింది.

మెల్లగా పలక ముందు కూర్చున్నాడు. మూసిన గుప్పిటను తెల్లటి గుంట మీదికి చాచాడు. తడిసిన చొక్కాచేతి నుంచి, వేళ్ళ సందుల నుంచి వాన నీళ్ళు జారాయి. ఒక బొట్టు సిపాయి గుంటలో పడింది. ఇంకొకటి పడింది.

“నాయనా,” అన్నాడు క్రీస్తురాజు పెద్దయ్య, గుంటలోకి తొంగి చూస్తూ, పూర్తి నిష్ఠతో. “అది వాన కిందికి రాదా? వానొస్తే సిపాయిలంతా చేలోకి దిగాలంటిరే.”

ఆ మాటకు జవాబు చెప్పాల్సినవాడు ఒక్కడే. ఆ రూలు పెట్టినవాడు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళంతా, తమకు తెలియకుండానే, వీధి గుమ్మం వైపు చూశారు.

సమాధానం మాత్రం తల ఎత్తలేదు. గుప్పిట విప్పలేదు.